కొలిచిన చుక్కలు, అల్లిన చుక్కలు

1984లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మన ఫోన్ తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆ ఇరుకులోనే 'ఎలీట్' అనే అంతరిక్ష నౌక ఆట రాశారు. అందులో ఎనిమిది గెలాక్సీలు. ఒక్కో గెలాక్సీలో 256 నక్షత్రాలు. ఒక్కో నక్షత్రానికీ ఒక పేరు, ఒక ప్రభుత్వం, ఒక వ్యాపారం. ఈ రెండు వేల పైచిలుకు లోకాల జాబితాను వాళ్లు ఎక్కడా దాచలేదు, దాచడానికి చోటే లేదు. దాచింది మూడంటే మూడు సంఖ్యలు. మూడింటినీ కూడితే నాలుగోది వస్తుంది. మొదటిదాన్ని వదిలేసి మిగతా మూడింటినీ కూడితే ఐదోది. అలా పుట్టుకొచ్చే అంకెల్లో కొన్నిటిని నక్షత్రం ఉండే చోటుగా, కొన్నిటిని పేరులోని అక్షరాలుగా చదువుకోవాలని నియమం పెట్టారు. ఎన్నిసార్లు లెక్కగట్టినా అవే మూడు సంఖ్యల నుంచి అవే లోకాలు వస్తాయి. ముగ్గు తెలిసిన మనిషి బొమ్మను వెంట మోసుకు తిరగదు. ఎన్ని చుక్కలో, దేన్ని దేనితో కలపాలో గుర్తుంటే చాలు, ఏ వాకిట్లోనైనా అదే ముగ్గు పడుతుంది.

నియమానికి సిగ్గూ ఎగ్గూ ఉండవు. ఒక గెలాక్సీలో ఒక లోకానికి ఇంగ్లీషు బూతుమాటే పేరుగా వచ్చిందట. దాంతో ఆ గెలాక్సీ మొత్తాన్నీ పక్కన పడేశారు. నిజానికి వాళ్లిద్దరూ మొదట పెడదామనుకున్న గెలాక్సీలు కోటికోట్ల లెక్కలో ఉన్నాయి. ప్రచురణకర్తలు వద్దన్నారు. అన్నేసి కనబడితే ఇదంతా అంకెల గారడీ అని జనానికి తెలిసిపోతుందని వాళ్ల బెంగ.

ముప్పై ఏళ్లు తిరిగాక, 2014 డిసెంబరులో, బ్రేబెన్ కంపెనీ ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ 'ఎలీట్ డేంజరస్'ను విడుదల చేసింది. ఈసారి గెలాక్సీ ఒక్కటే, అది మన పాలపుంత, అసలు కొలతలతో. 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు. నిమిషానికొకటి చొప్పున చూసుకుంటూ పోయినా ఏడున్నర లక్షల ఏళ్లు పడుతుంది. కమాండర్లని పిలిపించుకునే ఆటగాళ్లు పదేళ్లకు పైగా తిరుగుతున్నారు, వాళ్లందరూ కలిసి చూసింది ఒక శాతంలో పదోవంతు కూడా లేదు.

యుద్ధాలు, వ్యాపారాలు, దోపిడీలు ఆ ఆటలో చాలా ఉన్నాయి. వాటి జోలికి మనం పోవడం లేదు. ఊరికే తిరిగి చూసేవాళ్లకు అందులో వింత వింత నక్షత్ర వ్యవస్థలు తగులుతాయి. రెండు సూర్యులు ఒరుసుకున్నంత దగ్గరగా తిరిగేవి, చచ్చిన నక్షత్రం చుట్టూ గ్రహాలు తిరిగేవి, వెలుగు లేని బిలాలు. వాటిని చూసినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఎవరైనా కొలిచిందా, సూత్రం అల్లిందా, లేక ఆట ఆడించడానికి కల్పించిందా? తెరమీద మూడూ ఒకేలా మెరుస్తాయి. పొరలు విడదీసుకోవడం చూసేవాళ్ల పని.

కొలిచిన పొర పలచన. ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం 1,18,218 నక్షత్రాల స్థానాలను, దూరాలను కొలిచింది. ఆ పట్టిక 1997లో వెలువడింది. ఆటలో హెచ్‌ఐపి అని మొదలయ్యే పేర్లన్నీ అందులోవే. మరికొన్ని పట్టికలు కలుపుకుంటే, కొలిచిన వ్యవస్థలు లక్షన్నరకు పైగా తేలతాయి. 40,000 కోట్ల ముందు అది లెక్కలోకి రాదు. మిగతావన్నీ 'స్టెల్లార్ ఫోర్జ్' అనే ప్రోగ్రామ్ అల్లినవి.

ఆ అల్లిక ఇష్టం వచ్చినట్టు సాగదు. గెలాక్సీని పక్కకు 1,280 కాంతి సంవత్సరాలుండే ఘనాలుగా కోస్తారు. ఒక్కో ఘనంలో ఎంత పదార్థముంది, దాని వయసెంత, హైడ్రోజన్ హీలియంలకంటే బరువైన మూలకాల పాలెంత అన్నది ముందు తీసుకుంటారు. ఆ పదార్థంతో నక్షత్రాలను, మిగిలిన ధూళీ వాయువులతో గ్రహాలను కట్టిస్తారు. నక్షత్రానికి ఎంత దగ్గరైతే ఎంత వేడి, ఆ వేడికి ఏ వాయువు నిలుస్తుంది, ఏ మంచు ఆవిరవుతుంది అన్నవన్నీ సూత్రాల మీదే నడుస్తాయి. అందుకే అక్కడ దొరికే వింతకు తరచుగా ఒక కారణం కూడా దొరుకుతుంది.

ఇలా అల్లిన చుక్కల పేర్లు నోరు తిరగవు. కోట్ల సంఖ్యలో వాటికి పేర్లు పెట్టాలంటే వేరే దారి లేదు. కొలోనియా అనే జనావాసానికి అసలు పేరు 'ఇయోల్ ప్రౌ ఎల్‌డబ్ల్యు-ఎల్ సి8-99'. ఇందులో చివరి అంకెలకు ముందున్న చిన్న 'సి'ని చూడండి. కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు, పాత అన్వేషకులు ముందు చూసేది దాన్నే. ఆ అక్షరం 'ఏ' నుంచి 'హెచ్' దాకా ఎనిమిదింటిలో ఒకటి. 'ఏ' అంటే ఆ వ్యవస్థను పది కాంతి సంవత్సరాల చిన్న ఘనంలో అల్లారని, 'బి' అంటే ఇరవై, అలా రెట్టింపవుతూ 'హెచ్' అంటే 1,280. చిన్న ఘనంలో ఉండే పదార్థం తేలికపాటి నక్షత్రాలకే సరిపోతుంది. మహా నక్షత్రాలు అరుదు కాబట్టి వాటికి పెద్ద ఘనం కావాలి. కాబట్టి 'ఏ' అక్షరమున్న చోట అరుణ కుబ్జాలూ గోధుమ కుబ్జాలూ ఎదురవుతాయి. కృష్ణబిలాలు కావాలనుకునేవాళ్లు 'హెచ్'ల కోసం మ్యాపు గాలిస్తారు. నిజమైన పాలపుంత తీరూ ఇదే. అక్కడ నాలుగు నక్షత్రాల్లో మూడు అరుణ కుబ్జాలు, కంటికి ఆనేంత పెద్దవి పిడికెడు.

సూత్రం బలమెంతో చెప్పడానికి ఆట అభిమానులు చూపించే ఉదాహరణ ట్రాపిస్ట్-1. 2017 ఫిబ్రవరి 22న నాసా ఒక ప్రకటన చేసింది. 40 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడి ద్రవ్యరాశిలో పదకొండో వంతు కూడా లేని ఒక మసక నక్షత్రం చుట్టూ భూమి సైజు గ్రహాలు ఏడున్నాయని. బెల్జియంలోని లియెజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ గియోన్ బృందం కనిపెట్టిన ఈ వ్యవస్థ కుదురు చూస్తే ముచ్చటేస్తుంది. ఏడు గ్రహాలూ మన బుధుడి కక్ష్యకు చాలా లోపలే సర్దుకున్నాయి. లోపలి గ్రహానికి ఏడాది అంటే మన రోజున్నర, అన్నిటికంటే వెలుపలి దానికి పందొమ్మిది రోజులకు కాస్త తక్కువ. పక్కపక్క గ్రహాల కాలాలు మూడుకు రెండు, నాలుగుకు మూడు లాంటి చిన్న అంకెల నిష్పత్తుల్లో దాదాపుగా కుదిరి ఉంటాయి.

ఆ నక్షత్రం ఆటలో వాడిన పట్టికల్లో లేదు. అయినా ప్రకటన వచ్చేనాటికే ఆటలో దాదాపు అదే చోట, అంతే దూరంలో స్టెల్లార్ ఫోర్జ్ ఒక గోధుమ కుబ్జాన్ని అల్లి, దాని చుట్టూ ఏడు రాతి గ్రహాలను తిప్పుతోంది. ఫ్రాంటియర్ దాని పేరు మార్చి, వివరాలు కొద్దిగా సరిదిద్ది ట్రాపిస్ట్-1గా చేసింది.

జోస్యమా? నేను అంత దూరం పోను. సూర్యుడి చుట్టుపక్కల ఎంత పదార్థముండాలో సూత్రానికి తెలుసు. పట్టికల్లోని నక్షత్రాలన్నీ కూడినా అంత రాదు, ఎందుకంటే మసక కుబ్జాలు పాత దుర్భిణులకు ఆనలేదు. ఆ లోటును సూత్రం కుబ్జాలతో పూడ్చింది. అలా పూడ్చిన చుక్కలు లెక్కలేనన్ని ఉంటే ఒకటి నిజంతో కలవడం పెద్ద విశేషం కాదు, కలవనివాటి గురించి ఎవరూ చెప్పుకోరు. మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. మనం ఇంకా చూడని చుక్కలు ఎలాంటివై ఉంటాయన్న సాధారణ అంచనా సరిగ్గా కుదిరింది.

ఇక కొలిచిన పొరలోకి వద్దాం. మన పక్కింటి నక్షత్రం ఆల్ఫా సెంటారీ అసలు వింతే కాదని చాలామంది అనుకుంటారు. ఆటలో అక్కడికి వెళ్లినవాళ్లు అలా అనరు. ఎలీట్ డేంజరస్‌లో ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు దూకితే, నౌక అక్కడి ప్రధాన నక్షత్రం దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి గ్రహాలకు ఎవరికి వాళ్లే నడుపుకుంటూ పోవాలి. ఆల్ఫా సెంటారీలో హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. అది ప్రధాన నక్షత్రం దగ్గర లేదు, అదే వ్యవస్థలోని ప్రాక్సిమా అనే నక్షత్రం దగ్గరుంది. అంటే 0.22 కాంతి సంవత్సరాల అవతల. కాంతికే 80 రోజుల దారి. నౌక గరిష్ఠ వేగం కాంతికి 2,001 రెట్లు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా అదే వేగంతో పోయినా 58 నిమిషాలు, వేగం అందుకోవడానికీ తగ్గించుకోవడానికీ పట్టే సమయం కలిపితే ఇంకా ఎక్కువ. అంతసేపూ కిటికీలో ఏమీ మారదు. ఆ స్టేషన్‌లో అనకొండ అనే ఖరీదైన నౌకను ఊరికే ఇస్తారని కొత్తవాళ్లను నమ్మించి పంపడం పాత కమాండర్లకు ఒక సరదా. వెళ్లినవాళ్లకు అక్కడ దొరికే ప్రసిద్ధ వస్తువు ఒక కాఫీ మగ్గు.

ఇదంతా ఏడిపించడానికి కల్పించినట్టుంటుంది. దూరం మాత్రం కల్పన కాదు. ఆల్ఫా సెంటారీలో ఏ, బీ అనే రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 80 ఏళ్లకు ఒకసారి తిరుగుతాయి. అతి దగ్గరగా వచ్చినప్పుడు వాటి మధ్య దూరం సూర్యుడికీ శనికీ మధ్య ఉన్నదానికంటే కాస్త ఎక్కువ, దూరమైనప్పుడు నెప్ట్యూన్ కంటే అవతల. మూడోది ప్రాక్సిమా, ఆ రెంటికీ దాదాపు 13,000 రెట్ల భూసూర్య దూరంలో, అయిదున్నర లక్షల ఏళ్లకు ఒక చుట్టు చుడుతూ ఉంటుంది. పుస్తకంలో ఈ సంఖ్య చదివితే కళ్లు దాని మీదుగా జారిపోతాయి. గంటసేపు నౌక నడిపితే జారవు. ఆ ఆట మొత్తంలో భౌతికశాస్త్రం నేర్పే అత్యుత్తమ పాఠం ఈ విసుగుపుట్టించే ప్రయాణమేనని నా అభిప్రాయం.

ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు, రెండు అని మొదట గమనించింది మనకు దగ్గర్లోనే. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను పరిశీలిస్తున్న ఫ్రెంచి జెస్యూట్ గురువు ఝాన్ రిషో కంటబడింది. ప్రాక్సిమాను 1915లో జోహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు. మన ఆకాశంలో ఆల్ఫా సెంటారీ దక్షిణాన బాగా కిందికి ఉంటుంది. మే నెల రాత్రుల్లో పది పదకొండు గంటల వేళ తిరుపతి నుంచి చూస్తే దిగంతానికి పదిహేను డిగ్రీల పైన, హైదరాబాద్ నుంచి పన్నెండు డిగ్రీల పైన కనబడుతుంది. ఢిల్లీవాళ్లకు ఆ భాగ్యం దాదాపు లేనట్టే. ప్రాక్సిమా మాత్రం ఎక్కడి నుంచైనా కంటికి ఆనదు.

మూడు నక్షత్రాలంటేనే ఇంత సరంజామా. ఆరైతే? పంచాంగంలో పునర్వసు అంటే మిథున రాశిలోని కాస్టర్, పోలక్స్ జంట. వాటిలో కాస్టర్ కంటికి ఒక్క చుక్కే. యాభై కాంతి సంవత్సరాల దూరంలోని ఆ చుక్కలో ఆరు నక్షత్రాలున్నాయి, మూడు జంటలుగా. ఒక జంట తొమ్మిది రోజులకు, ఇంకో జంట మూడు రోజులకు, మూడోది ఇరవై గంటల లోపే తమలో తాము తిరుగుతాయి. మొదటి రెండు జంటలూ కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి నాలుగు వందల ఏళ్లు దాటుతుంది. మూడో జంట ఈ నాలుగింటి చుట్టూ ఇంకా దూరంగా తిరుగుతుంది.

ఆట మ్యాపులో ఇలాంటి వ్యవస్థలను తెరిస్తే నక్షత్రాలను కలిపే గీతలు జంటలుగా, జంటల జంటలుగా చీలుతూ కనబడతాయి. ఆ చీలికకు కారణముంది. సమాన దూరంలో మూడు నక్షత్రాలను వదిలితే, ఒకదాన్నొకటి లాక్కుంటూ, చివరికి ఒకదాన్ని బయటికి విసిరేసి రెండు మిగులుతాయి. లోపలి జంట మధ్య దూరానికి మూడో నక్షత్రం కొన్ని రెట్లు దూరంగా ఉంటే దానికి ఆ జంట ఒకే ముద్దలా తోస్తుంది, కక్ష్య నిలుస్తుంది. అందువల్ల కోట్ల ఏళ్లు నిలిచి ఉన్న గుంపులన్నీ గూటిలో గూడుగానే ఉంటాయి. గూళ్లు లేని అల్లరి వ్యవస్థ మీకెక్కడైనా కనబడితే అది ఈమధ్యే పుట్టిందైనా అయ్యుండాలి, లేక ప్రోగ్రామ్ తప్పైనా అయ్యుండాలి.

మూడో పొర, అంటే ఆట కోసం కల్పించినది, న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర పచ్చిగా కనబడుతుంది. ఆటలో వాటి రెండు ధ్రువాల నుంచి నీలి జ్వాలలు చిమ్ముతుంటాయి. ఆ జ్వాలల కొసల్లోంచి నౌకను పోనిస్తే ఇంజను శక్తి పుంజుకుని, ఆ తర్వాతి దూకు నాలుగు రెట్లు దూరం పోతుంది. గెలాక్సీకి అడ్డంగా పోయేవాళ్లు న్యూట్రాన్ నక్షత్రం నుంచి న్యూట్రాన్ నక్షత్రానికి దూకుతూ పోతారు. ఆ దారికి న్యూట్రాన్ హైవే అని పేరు. దారిలో నౌక పేలిపోతే అప్పటిదాకా చేసిన సర్వేలన్నీ పోతాయి, అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి భయం మాత్రం నిజమైనదే.

అసలు న్యూట్రాన్ నక్షత్రం దగ్గర భయం వేరే రకం. సూర్యుడికి ఒకటిన్నర రెట్ల దగ్గరి ద్రవ్యరాశి ఇరవై కిలోమీటర్ల గోళంలో కుక్కి ఉంటుంది. దానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో వంద మీటర్ల నౌక పడిపోతూ ఉందనుకోండి. పడిపోతున్నంతసేపు బరువు తెలియదు. కానీ ముక్కు తోకకంటే నక్షత్రానికి దగ్గర, కాబట్టి ముక్కును ఎక్కువగా లాగుతుంది. లెక్కగడితే ఆ తేడా మీటరుకు భూమి గురుత్వానికి 38 రెట్లు వస్తుంది. నౌక మధ్య నుంచి కొసకు యాభై మీటర్లు కాబట్టి ఒక్కో కొస మీద రెండువేల రెట్ల దాకా సాగలాగుడు. ఏ లోహమూ నిలవదు. ఆ జ్వాలలూ అలా కంటికి కనబడవు. రేడియో కిరణపుంజాలు నక్షత్రంతోపాటు గిర్రున తిరుగుతుంటాయి. అలా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాన్ని పల్సార్ అంటారు. కర్కట నీహారికలోని పల్సారైతే సెకనుకు ముప్పైసార్లు తిరుగుతుంది. ఆటలో అంత వేగంగా తిప్పితే ఎవరూ అందులో దూరలేరు, అందుకని నెమ్మదిగా తిప్పుతారు. ఈ అబద్ధాన్ని నేను క్షమిస్తాను.

ఆటలో న్యూట్రాన్ నక్షత్రాల చుట్టూ గ్రహాలు మామూలే. ఇది పూర్తిగా కల్పన అనుకుంటే పొరపాటు. సౌరకుటుంబం వెలుపల మొట్టమొదట రూఢి అయిన గ్రహాలు దొరికింది అలాంటి చోటే. 1992లో అలెగ్జాండర్ వోల్ష్‌చాన్, డేల్ ఫ్రెయిల్ ఒక పల్సార్ స్పందనల్లోని చిన్న తడబాట్లను కొలిచి పట్టుకున్నారు. నక్షత్రం పేలిపోయాక గ్రహాలెలా మిగిలాయన్నది అప్పట్లో చాలామందిని కలవరపెట్టింది. పేలుడు తర్వాత చుట్టూ చేరిన శిథిల పదార్థం నుంచి మళ్లీ పుట్టాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అయితే ఇవి బహు అరుదు. ఆట వాటిని ధారాళంగా పంచింది.

కృష్ణబిలాల విషయంలో నా తీర్పు ఆట వైపే కొంచెం మొగ్గుతుంది. ఆటలోని కృష్ణబిలం నిశ్శబ్దంగా ఉంటుంది. మంటల పళ్లెం లేదు, గర్జన లేదు, వెనకున్న చుక్కలు మాత్రం వంపు తిరిగి, సాగి, రింగులు కడతాయి. కొత్తవాళ్లు నిరాశపడతారు, సినిమాలో చూసింది ఇలా లేదే అని. గెలాక్సీ నడిమధ్య ఉన్న ధనుస్సు ఏ-స్టార్ కూడా ఆటలో ఇలాగే ఉంటుంది. అక్కడ ఆట తప్పే. దాదాపు 43 లక్షల సూర్యుల బరువున్న ఆ బిలం చుట్టూ వేడి వాయువు వెలుగుతూ ఉంటుందని 2022 మే 12న విడుదలైన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ చిత్రమే సాక్ష్యం. కానీ మామూలు కృష్ణబిలాల సంగతి వేరు. పక్క నక్షత్రాన్ని జుర్రుకుంటున్నవి మాత్రమే ఎక్స్ కిరణాల్లో వెలుగుతాయి. మిగతా కోట్లాది బిలాలు చడీచప్పుడు లేకుండా పడి ఉండాలి. 2022లోనే గైయా ఉపగ్రహం కొలతల్లోంచి అలాంటిదొకటి బయటపడింది. గైయా బీహెచ్1 అని పేరు. మనకు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిలాంటి ఒక నక్షత్రం దేని చుట్టూనో 186 రోజులకొకసారి తిరుగుతోంది. ఆ 'దేని' బరువు పది సూర్యులకు కొంచెం తక్కువ, వెలుగు సున్నా. ఎనిమిదేళ్ల ముందు ఆట కోట్ల సంఖ్యలో చూపించిన రకం ఇదే.

ఒక్క చిక్కు మాత్రం ఏ సూత్రానికీ లొంగనిది. పట్టికలోని ప్రతి నక్షత్రమూ దాని కాంతి బయల్దేరిననాటి రూపం. కర్కట నీహారికను పుట్టించిన నక్షత్రం పేలుడును చైనావాళ్లు 1054లో చూశారు, కానీ అది 6,500 కాంతి సంవత్సరాల అవతల కాబట్టి పేలింది క్రీస్తు పూర్వం ఎప్పుడో. ఆటలో దూకితే అక్కడి 'ఇప్పటి'కే చేరాలి. నీహారిక సెకనుకు 1,500 కిలోమీటర్ల చొప్పున వ్యాపిస్తూనే ఉందనుకుంటే, మన ఫొటోల్లో ఉన్నదానికి ఏడు రెట్ల వెడల్పుతో, పలచబడిపోయి ఉండాలి. ఆట ఇదంతా పట్టించుకోదు. వేర్వేరు కాలాల పాత ఫొటోలన్నిటినీ ఒకే రోజున తీసినట్టు అతికించి, దానికి 3300 అని సంవత్సరం వేసింది. ఏ నక్షత్ర పటమైనా చేసేదీ అదే, మనం మరిచిపోతామంతే.

పటాలన్నాక మన హైదరాబాద్ చెయ్యి కూడా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించి, తర్వాత బేగంపేటకు మారిన నిజామియా వేధశాల, ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని ఫొటో తీసే పథకంలో పాలుపంచుకుంది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా పట్టీని, ఆ తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీని తీసి లక్షల చుక్కల స్థానాలను గాజు పలకల మీద చేత్తో కొలిచారు. హిప్పార్కస్ తోడు పట్టిక టైకో-2ను 2000లో తయారుచేసినప్పుడు, నక్షత్రాలు ఆకాశంలో ఎంత జరిగాయో తేల్చడానికి ఆనాటి కొలతలనే ఆధారం చేసుకున్నారు. వందేళ్ల కిందటి స్థానం లేకపోతే జరుగుడు తెలియదు మరి.

కాబట్టి ఆటలో ఏదైనా వింత వ్యవస్థ తగిలితే ఫొటో తీసుకుని ఊరుకోకండి. దాని పేరు రాసుకోండి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ సమాచార కేంద్రం నడిపే సింబాడ్ అనే భండారం ఎవరికైనా ఉచితం. అందులో హెచ్‌ఐపి 70890 అని కొడితే ప్రాక్సిమా వస్తుంది, దాని దూరం, ఉష్ణోగ్రత, దాని మీద వచ్చిన పరిశోధన పత్రాల జాబితాతో సహా. హెచ్‌ఐపి 36850 కొడితే కాస్టర్. ఆట ఆడే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి. ఆట కొనే స్తోమత లేకపోయినా ఫర్వాలేదు, స్టెల్లారియం, సెలెస్టియా అనే ఉచిత ప్రోగ్రాములు పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయి.